జెడ్4 లో చిన్న ఇంజనా పెద్ద ఇంజనా? ముందు ఆ 12 లక్షల లోన్ సంగతి చూద్దాం

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో జాబ్, చేతికి నెలకి 2.6 లక్షలు, హోమ్ లోన్ ఈఎంఐ 78 వేలు, రెండేళ్ళ పాప. ఆర్‌ఎస్‌యూలు, అంటే కంపెనీ జీతంతో పాటు ఇచ్చిన షేర్లు, అమ్మితే 45 లక్షలు వచ్చాయి. రూఫ్ తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు బీఎండబ్ల్యూ జెడ్4, సెకండ్ హ్యాండ్‌లో 2019 మోడల్ చూస్తున్నా. 2.0 లీటర్ 20ఐ 40 లక్షలు, 3.0 లీటర్ ఎం40ఐ 52 లక్షలు చెప్తున్నారు. 5 లక్షలు చేతిలో ఉంచుకుని, 12 లక్షలు లోన్ పెట్టి పెద్దదే తీసుకోనా?

జవాబు: 20ఐ తీసుకోండి. అసలు కారే వద్దని నేను అనను, ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక, మీ కష్టార్జితం. కానీ ముందు ఒకటి చూసుకోండి, ఆ 45 లక్షలు టాక్స్ పోగా మిగిలిందేనా? కంపెనీ షేర్లు అమెరికావైతే, 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, అంతకుముందే అమ్మేస్తే మీ స్లాబ్ రేటు పడుతుంది.

ఇక లోన్. 12 లక్షలు 11 శాతానికి అయిదేళ్ళంటే ఈఎంఐ దాదాపు 26,100, మొత్తం కట్టేది 15.65 లక్షలు. అంటే ఆ పెద్ద ఇంజన్ మీకు 12 లక్షలకి కాదు 15 లక్షల పైచిలుకుకి వస్తోంది, అది కూడా హోమ్ లోన్ నడుస్తూ, పాప స్కూల్ ఫీజులు మొదలయ్యే టైంలో.

చాలామంది పెట్రోల్ గురించే భయపడతారు కానీ తేడా అక్కడ కాదండీ. వీకెండ్ బండి, ఏడాదికి 5 వేల కిలోమీటర్లు, ఒకటి లీటరుకి 10 ఇంకోటి 7 ఇస్తుందనుకున్నా ఏడాదికి ఇరవై వేల చిల్లర తేడా, అంతే. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం కూడా రెండిటికీ ఒకటే, 1500 సీసీ దాటినవన్నీ ఒకే స్లాబ్. ఖర్చంతా ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టేది), బ్రేకులు, టైర్ల దగ్గర. రెండూ ఆస్ట్రియా నుంచి దిగుమతైన బండ్లే, పార్ట్ పోతే తెప్పించుకోవాలి, ఎం40ఐ లో బ్రేకులు పెద్దవి, బిల్లూ పెద్దదే. మీ దగ్గర మిగిలే 5 లక్షలు దీనికోసమే, వాటిని ముట్టుకోకండి.

ఎం40ఐ మంచి బండి, అందులో డౌట్ లేదు. ఆరు సిలిండర్లు, 340 హార్స్‌పవర్, టొయోటా స్పోర్ట్స్ కారు సుప్రాలో ఉండేదీ ఆ ఇంజనే, రీసేల్‌లో కూడా దానికే గిరాకీ ఎక్కువ. 20ఐ 197 హార్స్‌పవర్, సున్నా నుంచి 100 స్పీడుకి 6.6 సెకన్లు, ఎం40ఐ కి 4.5. రెండు సెకన్ల తేడా, అదీ మన దగ్గర మైసూరు హైవే మీద కూడా 100 దాటితే కెమెరా పట్టేస్తుంది, మారతహళ్ళిలో అయితే సెకండ్ గేరే గొప్ప. రూఫ్ తెరుచుకుని పొద్దున్నే కోలార్ మీదుగా చిత్తూరు వైపు వెళ్ళడమే మీకు కావాల్సిందైతే, ఆ రూఫ్ రెండిట్లోనూ 10 సెకన్లలోనే తెరుచుకుంటుంది.

బండి కేఏ, అంటే కర్ణాటక రిజిస్ట్రేషనే ఉండాలి. ఢిల్లీ బండి చవగ్గా వస్తోందని తెచ్చుకుంటే ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త కారుకైతే 20 లక్షలు దాటిన వాటికి 18 శాతం, పైన సెస్సు, బండి వయసుకి తగ్గించినా లక్షల్లోనే ఉంటుంది. చూడ్డానికి వెళ్ళినప్పుడు లిఫ్ట్ ఎక్కించి ముందు బంపర్ కింద చూడండి, మన అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపులకి అక్కడే గీసుకుని ఉంటుంది. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, పేరు మార్పుకి 14 రోజుల్లో ఇన్సూరెన్స్ వాళ్ళకి అప్లై చేయాలి.

ఎం40ఐ తప్ప ఇంకోటి వద్దే వద్దు అనిపిస్తే ఇప్పుడు ఏదీ కొనకండి. ఆ 26 వేలు ఈ నెల నుంచే ఆర్‌డీలో వేయండి, రెండేళ్ళకి 6 లక్షల పైనే చేరుతుంది, ఆలోపు ఆ మోడల్ రేటు కూడా కొంత దిగుతుంది, అప్పుడు మళ్ళీ రాయండి, లోన్ ఎంత కావాలో కూర్చుని లెక్కేద్దాం.