డిగ్రీ ఫస్టియర్ ఫిజిక్స్‌కి ఏ పుస్తకం?

డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా కొత్తగా చేరానని, ఫస్టియర్ మెకానిక్స్ చెప్పాలని, క్లాసులో సగంమంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లేనని రాశారు. హాలిడే-రెస్నిక్ రాసిన ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్ పెట్టాలా, గైడుతో సరిపెట్టాలా అన్నది మీ ప్రశ్న. చాలా ఏళ్లుగా ఇదే పేపరు చెబుతున్నాను కాబట్టి నా పద్ధతి చెబుతాను.

ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు న్యూటన్ మూడో నియమం దగ్గర తెరుస్తాను. బల్ల మీద పుస్తకం ఉంది. దాని బరువు చర్య, బల్ల పైకి నెట్టే బలం ప్రతిచర్య అని రాసి ఉంటే ఇక మూసేయడమే. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేస్తుంటే జంట ఎలా అవుతాయి? భూమి పుస్తకాన్ని లాగుతుంది, పుస్తకం భూమిని లాగుతుంది, అదీ జంట. చాలా గైడ్ల రంగు ఈ ఒక్క పేజీలోనే బయటపడుతుంది.

హాలిడే-రెస్నిక్ మీ దగ్గర ఉంచుకోండి. పిల్లలకి మాత్రం హెచ్.సి. వర్మ 'కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్' మొదటి భాగం చెప్పండి. అది ఇంటర్ పుస్తకం కదా అని సీనియర్లు ఎవరైనా ముఖం చిట్లిస్తే పట్టించుకోకండి. ఇంటర్‌లో బిట్లు బట్టీపట్టి వచ్చినవాళ్లకి ఆ లెక్కలు ఇప్పటికీ ఓ పట్టాన కొరుకుడుపడవు. తెలుగు పదాలకి తెలుగు అకాడమీ పుస్తకం పక్కనుంటే చాలు. కొనలేనివాళ్లకి ఓపెన్‌స్టాక్స్ 'యూనివర్సిటీ ఫిజిక్స్' 3 భాగాలూ నెట్‌లో ఉచితం. భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ లెక్చర్లూ అంతే, కానీ అవి మీకోసం. 1961-63లో అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో ఆ పాఠాలు చెప్పిన ఆయనే, పిల్లల వరకు తాను పెద్దగా సాధించలేదనే అనుకున్నాడు, ముందుమాటలో ఆ మాట రాసుకున్నాడు కూడా.

ఇక క్లాసులో, మొదటి వారం ఫార్ములాల జోలికి పోకండి. చాక్‌పీసు పైకి విసిరి, అన్నిటికంటే పైన ఉన్న క్షణంలో త్వరణం ఎంత అని చేతులెత్తించండి. సున్నా అనేవాళ్లే ఎక్కువ. జవాబు చెప్పేయకండి. "వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే అక్కడే ఉండిపోవాలిగా సార్?" అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అనేదాకా ఆగండి. అప్పుడు 9.8 బోర్డు మీద రాయండి. ఇలాంటి ప్రశ్నలు ఇంకా కావాలంటే 1992లో అమెరికాలో వచ్చిన 'ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ' అనే మల్టిపుల్ చాయిస్ పరీక్ష వెతకండి. అందులో తప్పు ఆప్షన్లన్నీ పిల్లలు మామూలుగా అనుకునేవే.

యూనివర్సిటీ పేపర్లో ఎలాగూ డెరివేషన్లే అడుగుతారు, సెమిస్టర్ చివర్లో పాత పేపర్లు చేయించక తప్పదు. ఆ పనికి గైడు చాలు.