ఒకే బ్లాకు, రెండు రంగులు: ఫొటోల సెట్టింగులను పోల్చేదెలా?

ప్రశ్న: చీమకుర్తిలోని ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. కొనుగోలుదారులకు పంపడానికి గెలాక్సీ స్లాబులను (బంగారు చుక్కలుండే నల్ల గ్రానైట్ పలకలను) డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీస్తుంటాను. ఒకే బ్లాకు నుంచి కోసిన స్లాబులు ఒక ఫొటోలో నిగనిగలాడే నలుపుతో, మరొక దానిలో బూడిద రంగులో కనిపిస్తున్నాయి. పాత ఫొటోలన్నీ తేదీల వారీగా ఫోల్డర్లలో ఉన్నాయి. వాటిని సెట్టింగుల ప్రకారం వేరుచేసి, పక్కపక్కన పెట్టి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉందా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంది. అందుకు డబ్బు కూడా పెట్టనక్కరలేదు. షట్టర్ వేగం, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు), ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి), ఫోకల్ లెంగ్త్ వంటి వివరాలను కెమెరా ప్రతి ఫొటో ఫైలులోనూ ‘ఎగ్జిఫ్’ అనే పద్ధతిలో నమోదు చేస్తుంది. ఆ వివరాలను చదివి వెతికిపెట్టే ‘డిజికామ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు మరికొన్ని ఉన్నా, వాటిలో కొన్ని ఇంటి వాడకానికి మాత్రమే ఉచితం. మీది వ్యాపారం కనుక డిజికామ్ మేలని నా అభిప్రాయం. ఐఎస్‌ఓ 100 నుంచి 400 లోపు తీసినవి కావాలని అడిగితే ఫోల్డర్లన్నీ గాలించి అవే చూపుతుంది. అందులోని ‘లైట్ టేబుల్’లో రెండు ఫొటోలను పక్కపక్కన ఉంచి, ఒకదానిలో బంగారు చుక్కను పెద్దది చేసి చూస్తే, రెండవ దానిలోనూ అదే భాగం అంతే పెద్దదవుతుంది.

అయితే మీ చిక్కుకు అసలు కారణం ఐఎస్‌ఓ కాకపోవచ్చు. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు, ఎదురుగా ఉన్న దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందన్న లెక్కతో వెలుతురును నిర్ణయిస్తుంది. ఫ్రేమంతా నల్లని స్లాబే నిండితే, చీకటిగా ఉందని భావించి ఎక్కువ వెలుతురును తీసుకుంటుంది. రాయి బూడిద రంగుకు తిరుగుతుంది. వెనుక తెల్లగోడో ఆకాశమో పడితే ఇందుకు విరుద్ధంగా జరిగి, అదే రాయి కారు నలుపుగా వస్తుంది. కాబట్టి మీరు ముందుగా చూడవలసినది ‘ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్’ విలువ, అంటే మీటరు లెక్క కంటే వెలుతురును పెంచమనో (ప్లస్) తగ్గించమనో (మైనస్) కెమెరాకు మనం చెప్పే సవరణ. ఫిల్ హార్వీ రూపొందించిన ‘ఎగ్జిఫ్‌టూల్’ అనే ఉచిత ప్రోగ్రాము వేల ఫొటోల వివరాలనైనా ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా ఇస్తుంది. కమాండ్లు టైపు చేయవలసి రావడం మొదట కొంత విసుగే. ఆ పట్టికలో సున్నా ఉన్నవాటిని, మైనస్ 1 దగ్గర ఉన్నవాటిని విడదీసి, ఒక్కొక్క గుంపు నుంచి కొన్ని తీసుకుని లైట్ టేబుల్‌లో పోల్చండి.

వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గట్టు ఫొటో రంగులను సరిచేసే సెట్టింగు) విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఎగ్జిఫ్ ప్రామాణిక గడిలో అది ఆటోనా, మాన్యువలా అన్నది మాత్రమే ఉంటుంది. అంతకుమించిన వివరాలను కెమెరా కంపెనీలు తమ సొంత భాగంలో దాచుకుంటాయి, వాటిలో చాలావాటిని ఎగ్జిఫ్‌టూల్ చదవగలదు. షెడ్డులో ట్యూబ్‌లైటు వెలిగిందా, స్లాబు తడిగా ఉందా అన్నవి మాత్రం ఏ ఫైలులోనూ ఉండవు కనుక, స్లాబు నంబరుతో పాటు వాటిని కూడా ఒక చీటీపై రాసి మొదటి ఫొటోగా తీసుకోవడం మంచిది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోల నుంచి ఈ వివరాలు తొలగిపోతాయి. పోలికకు మెమరీ కార్డు నుంచి నేరుగా దించుకున్న ఫైళ్లనే వాడండి. మరొకరికి పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపండి.