కరోనా టైంలో వదిలేసిన మచ్చ, మానని పుండు: మీ ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరుగారూ నమస్తే అండి, మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. 2020 లాక్‌డౌన్‌లో మా నాన్నగారి మడమ కింద నల్లటి మచ్చ కనపడింది, పొలం మనిషి కదా, "ముల్లు గుచ్చుకునుంటాది, అదే పోద్దిలే" అన్నారు, మేమూ ఊరుకున్నాం. బస్సుల్లేవు, ఓపీ లేదన్నారు, తర్వాత ఆసుపత్రికెళ్తే కరోనా అంటుకుంటాదని భయం. ఫోన్లో ఫోటో పెడితే ఒక డాక్టరు ఆనికాయలా ఉందన్నారు, మధ్యలో ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు బ్లేడుతో చెక్కి కట్టు కట్టేరు. రెండో వేవ్ అయ్యాక చూస్తే పుండై రక్తం కారుతోంది, గజ్జల్లో బిళ్ళ కట్టింది. వైజాగ్‌లో బయాప్సీ (ముక్క తీసి పరీక్ష) చేసి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ అయింది, ఇప్పటికీ చెకప్‌లకి వెళ్తున్నాం. అప్పుడే తీసుకెళ్ళుంటే ఇంతదూరం వచ్చేది కాదేమో అని అమ్మ ఒకటే ఏడుపు. అసలు మన రంగు వాళ్ళకి చర్మ క్యాన్సర్ వస్తాదా?

జవాబు: వస్తుందమ్మా. ఎండ వల్ల వచ్చే రకాలు తెల్లవాళ్ళతో పోలిస్తే మనకి చాలా తక్కువ, మన రంగే కాపాడుతుంది. కానీ అరికాలు, అరచెయ్యి, గోరు కింద వచ్చే మెలనోమాకి ఎండతో పని లేదు, మనవాళ్ళలో మెలనోమా వస్తే ఎక్కువగా అక్కడే వస్తుంది, అక్కడేమో ఎవరూ చూసుకోరు. జమైకా పాటగాడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే, 1981లో 36 ఏళ్ళకే పోయాడు.

ఇక అమ్మగారి బాధ సంగతి. మెలనోమా ఎంత లోతుకి దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 1 మి.మీ. లోపుంటే చుట్టూ కొంచెం మంచి చర్మంతో కలిపి కోసేస్తే చాలామందికి అక్కడితో అయిపోతుంది, 4 దాటితే చాలా ముదిరినట్టు, లోతు పెరిగేకొద్దీ గజ్జల్లో బిళ్ళలకి పాకే అవకాశం పెరుగుతుంది. కాబట్టి నెలలు పోతే తేడా ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. కానీ 2020లో నాన్నగారి మచ్చ ఎంత లోతుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, బస్సులు ఆపింది మీ అమ్మగారు కాదు కదా.

అప్పట్లో ప్రపంచమంతా డాక్టర్లు ఎవరు ఆగొచ్చు, ఎవరు ఆగకూడదు అని వేరు చేశారు. ముక్కు మీదో మొహం మీదో మెల్లగా పెరిగే బేసల్ సెల్ రకం చర్మ క్యాన్సర్ కొన్ని నెలలు ఆగినా ఫర్వాలేదు, బయాప్సీలో పల్చటిదని తేలిన మెలనోమాకి చుట్టూ ఇంకొంచెం చర్మం తీసే రెండో కోత మూడు నెలల దాకా వాయిదా వెయ్యొచ్చు అన్నారు. ఇమ్యునోథెరపీలో (ఒంట్లో రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని ఎదిరించే వైద్యం) పెంబ్రోలిజుమాబ్ అనే మందుని మూడు వారాలకోసారి బదులు డోసు పెంచి ఆరు వారాలకోసారి ఇవ్వడానికి అమెరికా 2020 ఏప్రిల్‌లో ఒప్పుకుంది, ఆసుపత్రికి తిరగడం తగ్గింది. ఇవన్నీ జబ్బు తేలినవాళ్ళకి. అసలు గడప దాటి రానివాళ్ళని ఎవరు వేరు చేస్తారు? నెదర్లాండ్స్ లాంటి చోటే మొదటి వేవ్‌లో క్యాన్సర్లు బయటపడటం తగ్గింది, అందులో చర్మ క్యాన్సర్లే బాగా తగ్గాయి, అంటే జబ్బు తగ్గిందని కాదు, చూపించుకోలేదని. మాస్కు ఇంకో తంటా, దాని కింద ముక్కు మీద ఏముందో ఓపీలో మాకూ కనపడేది కాదు.

ఫోన్ వైద్యం తామరకి, గజ్జికి బాగానే పనికొచ్చింది, అరికాలి నల్ల మచ్చకి మాత్రం కాదు. అరికాల్లో వేలిముద్రల్లాంటి గీతలుంటాయి చూడండి, డెర్మోస్కోపు (చర్మాన్ని పెద్దది చేసి చూపించే పరికరం) పెట్టి చూస్తే మామూలు పుట్టుమచ్చ రంగు సాధారణంగా గాడుల్లో ఉంటుంది, మెలనోమా రంగు గట్ల మీద ఉంటుంది, మసక ఫోటోలో ఈ తేడా ఎక్కడ దొరుకుతుంది. బ్లేడుతో చెక్కడం, సున్నం సోడా కలిపి కాల్చడం అసలు చెయ్యొద్దు, బయాప్సీకి ముక్క కూడా మిగలదు. ఈసారి చెకప్‌కి గజ్జలు కూడా తడిమి చూడమనండి, రెండో కాలు, గోళ్ళు కూడా చూపించండి.

ప్రశ్న: మా అత్తగారికి చిన్నప్పుడు కాలు కాలింది, ఆ మచ్చ మీద కరోనా టైంలో పుండు పడింది, ఇంట్లోనే కట్టు కడుతున్నాం, మానట్లేదు. కత్తి పెడితే క్యాన్సర్ పాకేస్తాదని బంధువులు అంటున్నారు. (గజపతినగరం)

జవాబు: పాకదండీ, ఈ మాట విని విని విసుగొచ్చేసింది. పాతకాలం కాలిన మచ్చల్లో, కుష్టు వల్ల స్పర్శ పోయిన అరికాలి పుళ్ళలో స్క్వామస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ రావడం మన వైపు కొత్తేం కాదు. అంచు లేచి, కాలీఫ్లవర్ పువ్వులా పెరిగి, వాసనొస్తుంటే ఇంక ఆలోచించకండి, అంచు దగ్గర చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. జిల్లా పెద్దాసుపత్రిలో చూపించండి, అవసరమైతే వైజాగ్ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) కార్డు మర్చిపోకండి.

ప్రశ్న: మాది పలాస వైపు, అన్నయ్యకి కిడ్నీ మార్చారు. చేతి మీద పులిపిరిలాంటిది గట్టిపడి పెరుగుతోంది, మందుల వల్లేనా?

జవాబు: కావచ్చు తమ్ముడూ. కొత్త కిడ్నీని ఒంటికి పట్టించే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, దాంతో పులిపిర్లూ పెరుగుతాయి, చర్మ క్యాన్సర్ రిస్కూ పెరుగుతుంది. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, కిడ్నీ పోతుంది. ఈ వారంలోనే స్కిన్ డాక్టరుకి చూపించి, ఆయన రాసిన కాగితం కిడ్నీ డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.