స్విచ్ జోలికి ఎప్పుడు పోవాలి, ఎప్పుడు పోకూడదు

చిట్టీ,

హాస్టల్ వదిలేసి కూకట్‌పల్లిలో ఫ్లాట్ తీసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమే. ఆ మాట నాతో ఒక్క ముక్క అనలేదేం? లైన్‌మన్‌గా చేసి రిటైరైన వాణ్ణి, కొత్త ఇల్లు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మెయిన్ బోర్డే. రాత్రి నిద్ర పట్టలేదు.

గ్యాస్ సంగతి నీకు తెలిసిందే. పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టెయ్, ఐదేళ్లకోసారి ట్యూబు మార్చు. వాసనొస్తే స్టవ్, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తీసి, బయటికెళ్లాక గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చెయ్. గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. పైనున్న వెంటిలేటర్‌ని నమ్ముకోకు. లైటు వెయ్యకు, వెలుగుతున్నది ఆర్పకు. వాసన పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశావో, ఆ స్విచ్‌లో పుట్టే చిన్న రవ్వ చాలు.

షాక్ అయితే అంతా తలకిందులు. అక్కడ ముందు స్విచ్చే.

నేను పనిచేసిన ఒక ఊళ్లో రేకుల ఇంటికి ఇనప తీగతో దండెం కట్టుకున్నారు. బల్బు కోసం లాగిన వైరు ఆ రేకుల మీదుగానే పోయింది, ఒరుసుకుని తొడుగు ఊడింది. వాన వెలిసిన పొద్దున ఇల్లాలు తడి చీర ఆరేస్తూ తీగకు అతుక్కుపోయింది. మొగుడు పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కొడుకుని లాగబోయి తల్లి కూడా పట్టుకుంది. పక్కింటి కుర్రాడు ఫ్యూజు పీకేసరికి ముసలమ్మ ఒక్కతే మిగిలింది. నేను వెళ్లి చూస్తే, బోర్డు గుమ్మం పక్కనే ఉంది, చేతికందే ఎత్తులో. అతను దాని పక్కనించే పరిగెత్తాడమ్మా. అయినవాళ్లు విలవిల్లాడుతుంటే బోర్డు ఎవరి కళ్లకి ఆనుతుంది?

అందుకే, ఇంట్లో దిగిన రోజే నువ్వూ నీ ఫ్రెండూ చీకట్లో తడుముకుంటూ మెయిన్ దగ్గరికి నడిచి చూడండి. నవ్వుకోండి, కానీ నడవండి. మెయిన్ అందకపోతే పొడి ప్లాస్టిక్ స్టూల్ ఎక్కి, ఎండిన కర్రతో మనిషిని తోసెయ్. చేత్తో మాత్రం ముట్టుకోకు, అది మీ అమ్మయినా సరే. తర్వాత 108. ఊపిరి ఆడకపోతే ఛాతీ మీద నొక్కాలి, అది ముందే ఎక్కడైనా నేర్చుకో.

ఓనర్ ‘ఎంసీబీలు ఉన్నాయి కదా’ అంటాడు. అవి లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు, కాపాడేది వైర్లని. మనుషుల కోసం, కరెంటు లీకైతే వెంటనే సప్లై కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, దానికి టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే టక్కున పడిపోవాలి. లేదంటే నేనే కొనిస్తా, మొహమాటపడకు. బాల్కనీలో నైలాన్ తాడే కట్టుకో. తాడు మీ అత్త ఇప్పటికే కొనేసింది, పచ్చడి జాడీతో పాటు పంపిస్తుందట.

అడ్వాన్సు ఇచ్చేలోపే బోర్డు ఫోటో వాట్సాప్‌లో పెట్టు. మూత తీయకుండా, బయటినించే.

మీ మామయ్య