నాటుకోడి పచ్చడి ఎవరికి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా వారిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. పెళ్లయిన ఇరవై ఏళ్లకి మొదటిసారి విదేశం వెళ్తున్నాం. యార్డుకి వేసవి సెలవులిచ్చాక ఎనిమిది రోజులు సింగపూర్, మలేషియా. మేమిద్దరం, పిల్లలిద్దరూ, అత్తయ్య. టికెట్లు కొన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. అత్తయ్యకి అక్కడి తిండి పడదని, అన్నీ ఇంటి నుంచే పట్టుకెళ్లాలని మా వారు వాట్సాప్‌లో లిస్టు పెట్టారు. గోంగూర, మాగాయ, కందిపొడి, నల్లకారం, ఊరమిరపకాయలు, చేగోడీలు, పప్పుచెక్కలు, సున్నుండలు, అరకిలో నాటుకోడి పచ్చడి, మసాలా పొడి, ఐదు కిలోల బియ్యం, చిన్న కరెంటు కుక్కర్. రోజూ రాత్రి హోటల్ గదిలో నేను అన్నం వండేస్తే సరిపోతుందట. అత్తయ్యకి బీపీ ఉంది, పళ్ల సెట్ ఉంది, మావయ్య పోయాక నీచు కూడా మానేశారు. ఆవిడ తిండి సంగతి నాకు తెలియనిది కాదు. కానీ పోయినేడు మా మరిది వాళ్లతో దుబాయ్ వెళ్లినప్పుడు ఇవేమీ అడగలేదు. తోడికోడలు రెండు బిస్కెట్ ప్యాకెట్లతో తీసుకెళ్లింది, ఆవిడ హాయిగా తిరిగొచ్చారు. నా దగ్గరే ఇదంతా ఎందుకు? ఆవిడ మనసు నొచ్చుకోకుండా వద్దని ఎలా చెప్పాలి? అసలు పచ్చళ్లు ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారా?
- ఒక సోదరి

సమాధానం:

పచ్చళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. అది చిన్న పని. గోంగూర, మాగాయ, పొడులు ఇంటికి సరిపడా పట్టుకెళ్తే సింగపూర్‌లో ఎవరూ ఏమీ అనరు. చేతి సంచీలో మాత్రం పెట్టకండి. నూనె ఉన్నదేదైనా చెకిన్ సామానులోనే వెయ్యాలి, అదీ మూత మీద ప్లాస్టిక్ చుట్టి, రెండు కవర్లలో పెట్టి. నల్లకారానికని ఎండుకొబ్బరి చిప్పలు విడిగా వేసుకుంటే విమానం వాళ్లు తీయించేస్తారు, అది త్వరగా అంటుకునే సరుకు. మాంసం పచ్చడి మన దేశం నుంచి సింగపూర్‌కి పట్టుకెళ్లకూడదు. ఇక ఆ మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయేమో చూసుకోండి. మనకి అది కూరలో వేసే దినుసు, సింగపూర్‌లో నిషేధం. గల్ఫ్‌లోనూ అంతే. తెలియక పట్టుకెళ్లామంటే వినే ఊరు కాదది. పొడి ఇంట్లోనే వదిలెయ్యండి. పచ్చళ్ల గొడవ ఇంతటితో సరి.

అత్తగారికి నొప్పి లేకుండా ఎలా చెప్పాలన్నారు. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను. ఎందుకంటే అక్కడ చెప్పాల్సిందేమీ లేదు. మీ ఉత్తరం మీరే ఇంకోసారి చదువుకోండమ్మా. ఒక వాక్యంలో నాటుకోడి పచ్చడి అరకిలో అని రాశారు. రెండు వాక్యాల తర్వాత అత్తయ్య నీచు మానేశారని రాశారు. రాసింది మీరే, మీ కంటికే ఆనలేదు. ఆ నాటుకోడి పచ్చడి ఎవరికి?

చేగోడీలు పళ్ల సెట్ పెట్టుకున్న మనిషి నమలగలదా? ఊరమిరపకాయలు, మాగాయ, నల్లకారం... బీపీ ఉన్నావిడకి డాక్టరు మొట్టమొదట మానెయ్యమని చెప్పేవన్నీ ఆ లిస్టులో వరసగా ఉన్నాయి. ఒక్క సున్నుండ వదిలేస్తే ఆవిడ నోట పెట్టగలిగింది అందులో ఏదీ నాకు కనపడలేదు. అది మీ అత్తగారి లిస్టు కాదు. మీ వారి లిస్టు. పైన అమ్మ పేరు రాసి పంపించారు.

దుబాయ్ సంగతి కూడా మీరు తలకిందులుగా చూస్తున్నారు. తోడికోడలి దగ్గర అడగనిది నా దగ్గరే అడుగుతున్నారని బాధపడ్డారు. దుబాయ్ ప్రయాణంలో ఉన్నదీ అదే అత్తగారు, అదే వయసు, అవే పళ్లు. లేనిదల్లా మీ వారొక్కరే. ఇందులో తోడికోడలి గొప్పా లేదు, మీ లోటూ లేదు. ఆవిడ వెంట వెళ్లిన కొడుకు వేరు, అంతే.

ఇంకో సంగతి. ఇంత పెద్ద ఉత్తరంలో అత్తగారు మీతో నేరుగా అన్న మాట ఒక్కటి కూడా లేదు. అంతా మీ వారి ఫోన్లోంచి వచ్చిందే. ఒకే ఇంట్లో ఉంటారు, పొద్దున కాఫీ మీరే ఇస్తారు, ఆ గ్లాసు ఇచ్చేటప్పుడు "అత్తయ్యా, ప్రయాణానికి మీకేం కావాలి?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. అత్తగారి మీద విసుక్కోవడం మీకు సులువు. లోకంలో కోడళ్లందరూ చేసేదే, ఎవరూ తప్పు పట్టరు, అక్కచెల్లెళ్లకి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. మొగుడి మీద కోపం వస్తే దానికి ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. ఇరవై ఏళ్లుగా మీరు ఆ పని వాయిదా వేస్తూ వచ్చారు. ఆయనకీ అది బాగానే కలిసొచ్చింది.

ఇలాంటి మగవాళ్లని మన వైపు చాలామందిని చూశాను. యార్డులో వందమంది మధ్య నిలబడి రేటు తేలుస్తారు. బస్తా విప్పి ఓ కాయ తుంచి చూసి ఏ రకమో చెప్పేస్తారు. పెళ్లికి హైదరాబాద్ వెళ్తే మాత్రం అక్కడ నాలుగు మెతుకులు కతికి, అర్ధరాత్రి ఇంటికొచ్చి పెరుగన్నం అడుగుతారు. తెలియని ఊళ్లో, తెలియని భాషలో, కౌంటర్ ముందు నిలబడి "ఇందులో ఏముంది?" అని అడగాలంటే వాళ్లకి ప్రాణం మీదకొస్తుంది. మీ వారికున్నదీ ఆ భయమే అనుకుంటున్నాను. మొదటిసారి దేశం దాటుతున్నారు, కూడా పిల్లలున్నారు, వాళ్ల ముందు తెల్లమొహం వెయ్యాల్సి వస్తుందేమోనని బెంగ. భయపడటం తప్పు కాదు. నలభై దాటాక మొదటిసారి విమానం ఎక్కేవాళ్లెవరికైనా ఉంటుంది. కానీ తన భయాన్ని తల్లి పేరు మీద రాయించి, దాన్ని మోసే పని పెళ్లానికి అప్పజెప్పి, ఆ ఇద్దరాడవాళ్ల మధ్య చిచ్చు పెట్టి తాను పక్కన కూర్చోవడం మాత్రం తప్పే. ఆ పెద్దావిడకి ఈ లిస్టు సంగతి తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. తెలియకుండానే ఆవిడ మీ దృష్టిలో చెడ్డదైపోయింది.

కాబట్టి మీరు మాట్లాడాల్సింది అత్తగారితో కాదు, ఆయనతో. పిల్లలు పడుకున్నాక, ఫోన్ పక్కన పెట్టించి ఒక్కటే అడగండి: "నాటుకోడి పచ్చడి ఎవరికండీ?" అడిగి ఊరుకోండి. అత్తయ్య ఇలా, దుబాయ్ అలా అని రెండో మాట ఎత్తకండి. ఎత్తారో, ఆయన దాన్ని పట్టుకుని "మా అమ్మకి ఓ ముద్ద వండిపెట్టడానికి కూడా నీకు బరువా" అంటారు, మీరు ఏడుస్తారు, తెల్లారేసరికి బియ్యం కవర్లో కట్టేస్తారు. మీ ఉత్తరం తీరు చూస్తే ఇదివరకు ఇలాగే జరిగి ఉంటుందనిపిస్తోంది. ఆ ఒక్క ప్రశ్నే అడిగి ఊరుకుంటే ఆయన బహుశా నవ్వేస్తారు. నవ్వితే సగం పని అయినట్టే. కోప్పడితే పడనివ్వండి, మర్నాడు మళ్లీ అదే అడగండి.

కుక్కర్ విషయంలో మాత్రం నేను బేరం ఒప్పుకోను. మామూలు హోటల్ గదుల్లో వంట చెయ్యనివ్వరు. ఆవిరి పైకి తగిలి అలారం మోగిందంటే అంతస్తంతా లేచి బయటికొస్తుంది, జరిమానా కూడా కట్టమనొచ్చు. అయితే నేను వద్దనేది అందుకు కాదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుందాం అని ఆయన రేపు అంటారు, అప్పుడు నా మాట చెల్లకుండా పోతుంది. వద్దనడానికి కారణం మీరు. పగలంతా ఎండలో తిరిగి, అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించి, పిల్లల వెనక పరిగెత్తి, రాత్రి తొమ్మిదింటికి గదికొచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని బియ్యం కడిగితే, దాన్ని సెలవు అనరు. ఆ టికెట్ డబ్బుల్లో మీ పేరు మీద కూడా ఒకటి కొన్నారు కదా. ఆ ఎనిమిది రోజులు మీరు పొయ్యి ముట్టించరు. ఆ మాట గట్టిగానే చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు. కుక్కర్ ఆయన పెట్టెలో పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, నీళ్లు ఎంత పొయ్యాలో కూడా నేర్పండి.

అక్కడ తిండికి కరువేం లేదని ఆయనకి తెలిసేలా చెయ్యండి, సగం భయం దాంతోనే పోతుంది. సింగపూర్‌లో లిటిల్ ఇండియా ఉంది. సెరంగూన్ రోడ్డు మీద నడుస్తుంటే మన వన్‌టౌన్‌లో తిరుగుతున్నట్టే ఉంటుంది. పూలమాలలు, వెండి సామాన్లు, ఇడ్లీ వాసన. కోమల విలాస్ అని శాకాహార హోటల్ 1947 నుంచి ఉంది అక్కడ. టెక్కా సెంటర్‌లో దోసె దొరుకుతుంది, బిర్యానీ దొరుకుతుంది. మలేషియాలో రోటీ చనాయ్ అని పరోటా లాంటిది పప్పుతో పెడతారు, మన పిల్లలు వదలరు. మన తెలుగువాళ్లు తరాల కిందటే అక్కడికి తోటల్లో పనికి వెళ్లి స్థిరపడ్డారు, కాబట్టి మన కారం వాళ్లకి కొత్త కాదు. బతూ గుహల్లోని సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్తారుగా, 272 మెట్లు. అత్తగారిని ఎక్కించే సాహసం చెయ్యకండి, కింద హోటళ్లున్నాయి, అక్కడ కూర్చోబెట్టి ఇడ్లీ చెప్పి ఒకరు తోడుండండి. ఆ ఒకరు ప్రతిసారీ మీరే కానక్కర్లేదు. కన్నకొడుకు ఉన్నాడు.

ఓ పూట పిల్లల చేతికి డబ్బులిచ్చి ఆయన్ని వాళ్లతో పంపండి. ఏం తినాలో వాళ్లే అడిగి తెస్తారు. పిల్లల ముందు ఆయన ముద్ద మింగకుండా ఉండలేరు.

అలాగని ఇంటి తిండి అసలు వద్దని కాదు. ఓ సీసా గోంగూర, ఓ ప్యాకెట్ కందిపొడి ఎవరికి చేదు? సరదాకి పట్టుకెళ్లండి. నాలుగో రోజు ఏదో ఒక చప్పిడి అన్నంలో కలుపుకుంటే ప్రాణం లేచొస్తుంది. ఆ సీసా మూత బిగించడం, సర్దడం, పెట్టె తూకం వెయ్యడం, అక్కడ ఎవరైనా ఆపితే జవాబు చెప్పడం మాత్రం లిస్టు రాసిన వారి పని.

అత్తగారి విషయంలో నేను పాతకాలం మనిషినే. పెద్దావిడని వెంట తీసుకెళ్తున్నప్పుడు ఆవిడకి నిజంగా కావాల్సింది మొయ్యాల్సిందే, అందులో లెక్కలుండవు. పొద్దున్నే మన కాఫీ లేకపోతే తలనొప్పి వచ్చేవాళ్లు ఆ వయసులో చాలామంది. అక్కడి కాఫీలో చిక్కటి తీపి పాలు పోస్తారు, ఆవిడకి నచ్చకపోవచ్చు. కాఫీ పొడి, చిన్న ఫిల్టర్ పెట్టుకోండి. నీళ్లు కాచుకునే కెటిల్ చాలా హోటల్ గదుల్లో ఉంటుంది. రాగి పిండి అలవాటుంటే అదీ ఓ ప్యాకెట్. ముందు ఆవిడ్ని అడగండి, నేను చెప్పానని సర్దెయ్యకండి. అడిగితే ఆవిడ నోటి వెంట ఏం వస్తుందో మీకే ఆశ్చర్యం కలగొచ్చు.

ఇంతకీ లిస్టులో మందుల ఊసే లేదు. బీపీ బిళ్లలు ప్రయాణం రోజులకి సరిపడా, ఇంకో నాలుగు రోజులకి ఎక్కువ, కంపెనీ అట్టలతోనే చేతి సంచీలో పెట్టాలి. డాక్టరు చీటీ పక్కనే ఉండాలి. ఆవిడ నిద్రమాత్రలు గానీ, ఆందోళన తగ్గడానికి వాడే మాత్రలు గానీ వేసుకుంటుంటే, వాటిలో కొన్నిటికి సింగపూర్‌లో ముందే అనుమతి తీసుకోవాలి, అక్కడికి దిగాక చెప్తే కుదరదు. ఈ వారంలోనే అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఏ బిళ్ల ఏమిటో రాయించుకు రమ్మని మీ వారితో చెప్పండి. అమ్మకి ఏది పడుతుందో, ఏది పడదో తనకే బాగా తెలుసంటున్నారుగా.