పనీరు కొనకండి, ఒకే పప్పుకు రెండు తాలింపులు పెట్టండి

"మేము మాంసాహారులం. శాకాహారి బంధువు ఒకరు పది రోజులు మా ఇంట్లో ఉండడానికి వస్తున్నారు. వారికీ, ఇంటిల్లిపాదికీ కలిపి తేలికైన వంటలు ఎలా అనుకోవాలి?" అని అడిగారు. తిరుపతి బైరాగిపట్టెడలో కాపురం పెట్టి ఇరవై ఏడేళ్ళయింది నాకు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు మా ఊరి ఇల్లాళ్ళకు ఉన్నంతగా ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం. మిగతా ఊళ్ళకు చుట్టాలు పండగకో పెళ్ళికో వస్తారు. మాకు ఏడాది పొడుగునా వస్తారు. కొండెక్కే ముందు ఒక పూట, దిగి వచ్చాక ఒక పూట. కొండకు వెళ్ళేవాళ్ళ ముందు మాంసం వండలేం కాబట్టి, ఆదివారం కోడికూర లేనిదే ముద్ద దిగని మా ఇంట్లో కూడా చాలా రోజులు పప్పు, రసాలతోనే గడిచిపోతాయి.

వండి పెట్టడం నాకు కష్టం కాదు. "మీది తిరుపతే కదా, దర్శనానికి ఏమైనా చూడండి" అనేదే కష్టం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, పెట్టిన కాసేపటికే అయిపోతాయి, నా చేతిలో ఏమీ లేదు అంటే ఒక్కరూ నమ్మరు. ఆనందనిలయం తాళంచెవులు నా కొంగుకు కట్టి ఉన్నట్లు మాట్లాడతారు. సరే, వంట దగ్గరికి వస్తాను.

ఒక పూట ఉండి వెళ్ళేవాళ్ళతో చిక్కు లేదు. పులిహోర, పెరుగన్నం, అప్పడాలు పెడితే సంతోషంగా వెళ్ళిపోతారు. పది రోజులు ఉండే మనిషి సంగతి వేరు. 2025 నవంబరులో మా వియ్యపురాలు రాజమండ్రి నుంచి వచ్చారు. తిరుచానూరు పద్మావతి అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలను ధ్వజారోహణం మొదలు పంచమి తీర్థం దాకా తొమ్మిది రోజులూ కళ్ళారా చూడాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. మా ఇంటి నుంచి తిరుచానూరు ఐదారు కిలోమీటర్లే. అటూ ఇటూ కలుపుకుని పన్నెండు రోజులు. వాళ్ళు తరతరాలుగా శాకాహారులు. మా అమ్మాయిది, వాళ్ళ అబ్బాయిది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. పెళ్ళిలో భోజనాల దగ్గర రెండు వైపుల వాళ్ళమూ కాస్త బిగుసుకున్నాం, అదింకా పూర్తిగా సడలలేదు. అందుకని నేను పరీక్షకు కూర్చునే పిల్లలాగా ఒక నోటుపుస్తకం తీసుకుని పన్నెండు రోజుల వంటలు రాసుకున్నాను. పనీరు బటర్ మసాలా, పుట్టగొడుగుల వేపుడు, వెజిటబుల్ బిర్యానీ, గోబీ మంచూరియా, మీల్ మేకర్ కుర్మా.

ఇప్పుడు ఆ జాబితా చూస్తే నవ్వు వస్తుంది. మాంసం తినేవాళ్ళ ఆలోచన అలాగే ఉంటుంది. పళ్ళెంలో మాంసం లేదు కదా, ఆ ఖాళీని దేనితోనో ఒకదానితో పూడ్చాలని చూస్తాం. ఆమె పళ్ళెంలో ఆ ఖాళీయే లేదు. అది నాకు తట్టలేదు.

మొదటి రోజు ఆదివారం. మధ్యాహ్నం అరిటాకులు వేసి అందరం కూర్చున్నాం. మీల్ మేకర్ కుర్మా నేను గొప్పగా చేశానని మనసులో మురిసిపోతున్నాను. గసగసాలు, కొబ్బరి, ధనియాలు, చెక్క, లవంగాలు, అల్లం వెల్లుల్లి, అచ్చం మా ఇంట్లో వేటమాంసానికి నూరే మసాలాయే. నానబెట్టి పిండిన ఉండలు ఆ రసాన్నంతా పీల్చుకుని ఉబ్బి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. వియ్యపురాలు ఒక ఉండను తీసుకుని రెండు వేళ్ళతో విడదీశారు. లోపల పీచులు పీచులుగా విడిపోయింది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. "వదినగారూ, ఇది..." అన్నారు. ఆ తరువాత మాట రాలేదు.

"సోయా అండీ! సోయా పిండితో చేస్తారు!" అని నేను వంటింట్లోకి పరుగెత్తి, అలమరలోంచి సగం ఖాళీ అయిన ప్యాకెట్టు తెచ్చి, దాని మీది ఆకుపచ్చ చుక్క చూపించాను. అన్నం తింటున్న మనిషి ముఖం ముందు ప్యాకెట్టు ఊపుతున్నాను, ఆలోచించండి. "అయ్యో, మీ మీద అనుమానం కాదండీ, చూడగానే ఏదోలా అనిపించింది" అని ఆమె అన్నారు. ఆ ముక్క మాత్రం ఆకు అంచుకు జరిగింది. పనీరు ఒకటి నమిలి, "మాకు అలవాటు లేదండీ, పళ్ళకు రబ్బరులా తగులుతుంది" అన్నారు. చివరికి ఊరమిరపకాయ నంజుకుని పెరుగన్నం తిన్నారు. సాయంత్రం మా అమ్మాయి ఫోను చేసి చెప్పిన కబురు ఇంకా గొప్పది. వాళ్ళ అత్తగారు కార్తీకంలోనూ, అమ్మవారి ఉత్సవాలు ముగిసేదాకానూ ఉల్లి, వెల్లుల్లి ముట్టరట. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అవి రెండూ లేని వంట ఆ పూట పెరుగన్నం ఒక్కటే. ఈ మాట ముందే చెప్పడానికి మా అమ్మాయికి ఏమి అడ్డొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అసలు శాకాహారం అంటే పనీరే అని ఎవరు తీర్మానించారు? ఈ మధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా పనీరే, ఏ హోటలుకు వెళ్ళినా పనీరే. మన ఇళ్ళలో పాలు విరిగితే అయ్యో అనుకునేవాళ్ళం, ఇప్పుడు విరిగిన పాలకే ఎక్కువ ఖరీదు. ప్రొటీన్ అంటారు. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. మన పూర్వులు పప్పు తిని పొలాలు దున్నారు.

రెండో రోజు ఆఖరి కార్తీక సోమవారం. మా అత్తగారికి ఎనభై ఒకటి. ఇంట్లో ఎవరు ఏమి తిన్నా, రాత్రి ఆమెకు రాగి సంగటే కావాలి. కార్తీక సోమవారాల్లో ఆమె కూడా ఉల్లి, వెల్లుల్లి తినరు. ఆ రాత్రి వియ్యపురాలికి పూరీలు, కుర్మా చేద్దామని నేను పిండి తడుపుతున్నాను. ఈలోపు పొయ్యి పక్కన సంగటి ఉడుకుతోంది. బియ్యపు నూక మెత్తగా ఉడికాక రాగిపిండిని మధ్యలో గుట్టగా పోసి, కలపకుండా, తెడ్డు కాడతో నడుమ ఒక రంధ్రం చేసి మూత పెట్టేస్తాం. సన్నసెగ మీద పిండి నీటి ఆవిరికే ఉడుకుతుంది. ఆ తరువాత గిన్నెను రెండు పాదాల మధ్య ఇరికించుకుని తెడ్డుతో గట్టిగా తిప్పాలి. తడిచేత్తో ముద్ద చేసి, నడుమ బొటనవేలితో గుంట నొక్కి నెయ్యి పోస్తే, అది కరిగి అంచుల మీదుగా జారుతుంది. పక్కన వేరుశనగ ఊరుబిండి. గింజలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు వేసి రోట్లో బరకగా నూరింది.

వియ్యపురాలు గుమ్మంలో నిలబడి చూస్తూ "అదేమిటి పిన్నిగారూ, అంత కమ్మగా వాసన వస్తోంది?" అని అడిగారు. మా అత్తగారు మాట్లాడకుండా పళ్ళెంలో చిన్న ముద్ద పెట్టి ముందుకు జరిపి, "నమలవద్దమ్మా, ఊరుబిండి అద్దుకుని మింగాలి" అన్నారు. మొదటి ముద్ద గొంతులో ఇబ్బంది పడింది. రెండోది పడలేదు. ఇంకో ముద్ద అడిగి పెట్టించుకున్నారు. నా పూరీలు మా పెద్దవాడు తిన్నాడు. నోటుపుస్తకం ఆ రాత్రే మూసేశాను.

కాబట్టి నా సలహా ఒక్కటే. మీ ఇంట్లో సోమవారం, శనివారం ఏమి వండుకుంటారో అదే రోజూ వండండి. మాంసం తినే ఇల్లు ఏదైనా వారానికి ఒకటి రెండు రోజులు తినకుండానే ఉంటుంది. మా వైపు తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాలని నెలంతా మానేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ వంట మీ చేతికి వచ్చినదే, పిల్లలకు అలవాటైనదే. మధ్యాహ్నం పప్పు, రసం, ఒక వేపుడు, పెరుగు. వేపుడు అరటికాయో దొండకాయో చిక్కుడుకాయో, మార్కెట్లో ఆ రోజు ఏది బాగుంటే అది. రాత్రి సంగటి, లేదా దోసె. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ళయితే పప్పును తాలింపు లేకుండా ఉడికించి మెదిపి, రెండు గిన్నెల్లోకి తీయండి. ఒకదానికి నెయ్యిలో ఇంగువ, జీలకర్ర, ఎండుమిరపకాయ. రెండోదానికి మన మామూలు వెల్లుల్లి తాలింపు. ముందు ఇంగువది పెట్టి, తరువాతే వెల్లుల్లిది పెట్టాలి, గరిటె ఒకటే కాబట్టి. ఐదు నిమిషాల పని. రెండు వంటలు వండుతున్న భావన ఎవరికీ రాదు.

కొత్తగా కొనాల్సింది ఒక్కటే, దోసెల పెనం. రోజూ ఆమ్లెట్ వేసే పెనం మీద వాళ్ళకు దోసె వేయకండి. ఎంత తోమినా మనకు తెలుస్తుంది కదా. ఫ్రిజ్‌లో మూడు రోజుల నాటి చేపల పులుసు ఉంటే ముందే పక్కింటికి పంపేయండి. పులుసు ఊరేకొద్దీ రుచి అని నాకూ తెలుసు, పంపేటప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. మగవాళ్ళ సంగతి అంటారా, బయట తినండి, ఇంటికి తేవద్దు అని చెప్పేశాను. మా ఆయన రెండో ఆదివారం "బ్యాంకు పని" అని వెళ్ళి, గంటన్నర తరువాత గుప్పెడు సోంపు నములుతూ వచ్చారు. ఆదివారం ఏ బ్యాంకు తెరుస్తారో వియ్యపురాలు అడగలేదు. ఆమె సంస్కారం అది.

అనపకాయలు అప్పుడప్పుడే మార్కెట్లోకి వస్తున్నాయి. రెండు కిలోలు తెచ్చి వలిచి, గింజలు రాత్రంతా నానబెట్టాను. తెల్లారాక ముగ్గురం చుట్టూ కూర్చుని పితికాం. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి, పచ్చటి పప్పు చటుక్కున జారుతుంది. సరిగా పట్టకపోతే ఎగిరి మంచం కిందికి పోతుంది. వియ్యపురాలివి మొదట్లో సగం మంచం కిందే పడ్డాయి. "మా వైపు వీటిని చిక్కుడు గింజల్లా తోలుతోనే వండేస్తామండీ, ఇంత ఓపిక మాకు లేదు" అన్నారు. పెళ్ళి భోజనాల నాటి మాట ఒకటి అప్పుడే వచ్చింది. ఆ రోజు రసంలో ఉప్పు ఎక్కువైందని మా వైపు వాళ్ళు అన్నది ఆమె చెవిన పడిందట. నిజంగానే ఎక్కువైందట. చేతుల్లో పని ఉంటే ఇలాంటివి చెప్పుకోవడం సులువు. ఆ పితికిపప్పుతో కొబ్బరి, ధనియాలు నూరిపోసి, ఇంగువ వేసి కూర చేస్తే వెల్లుల్లి లేని లోటు మా పెద్దవాడు కూడా కనిపెట్టలేదు.

వాళ్ళకు కూడా ఒక రోజు వంటిల్లు అప్పగించండి, అది వాళ్ళకే ఇష్టం. గజవాహనం మరునాడు ఆమె కంద, బచ్చలి కలిపి ఆవ పెట్టిన కూర చేశారు. నేను ముప్పై ఏళ్ళుగా కందను వేపుడు తప్ప ఇంకోలా ఊహించలేదు.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వచ్చిన రోజు మా మూడు మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకున్నారు. పంచమి తీర్థం నాడు పద్మసరోవరం దగ్గర అంత జనంలో నాకంటే ముందు నడిచారు. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దగ్గరగా కాల్షియం ఉంటుంది, అది సంగటి మహిమే అని నేను అంటాను. తొమ్మిది రోజుల్లో ఎముకలు మారిపోవు, అది ఆమె వేసుకున్న మాత్రల మహిమ అని మా ఆయన అంటారు. బ్యాంకుకు ఆదివారం వెళ్ళే మనిషి మాట నేను లెక్కపెట్టను.

మీ అతిథికి ఈ రోజే ఫోను చేసి వెల్లుల్లి సంగతి, ఉపవాసాల సంగతి, రాత్రి అన్నమా టిఫినా అన్న సంగతి అడిగేయండి. మీల్ మేకర్ కావాలంటే మాత్రం కొనకండి. ఆ సగం ప్యాకెట్టు మా అలమరలో ఇంకా అలాగే ఉంది, ఎవరూ తినడం లేదు.