శ్రీకాకుళం ఒడ్డున ఉండి మహాసముద్ర దీవుల మొక్కల మీద ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేయొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: శ్రీకాకుళంలో బోటనీ ఎం.ఎస్సీ. చదువుతున్నారు. మహాసముద్ర దీవుల మొక్కలు, వాటి పరిరక్షణ మీద పని చేయాలని ఉంది. దీవికి వెళ్లడానికి డబ్బూ లేదు, అనుమతీ లేదు, ఉన్నది ఒక్క సెమిస్టరే. ఇక్కడే ఉండి ఏం చేయొచ్చు?

చేయొచ్చు. దీవి మొక్క ఏదైనా సరే, ముందు తేల్చాల్సింది అది అక్కడికి ఎలా చేరిందన్నదే. ఆ ప్రశ్నను పరీక్షించడానికి కావలసిన విత్తనాలు, ఉప్పునీళ్లు, ఇసుక మీ జిల్లాలోనే ఉన్నాయి. 193 కిలోమీటర్ల తీరం రాష్ట్రంలో ఇంకే జిల్లాకూ లేదు.

అయితే మొదట ఒక మాట. ఏ దీవి పడితే అది మహాసముద్ర దీవి కాదు. శ్రీలంక, బ్రిటన్ ఖండాల అంచులు. సముద్రమట్టం బాగా తగ్గిన కాలంలో అవి నేలతో కలిసే ఉండేవి. హవాయి, గాలపాగోస్, సెయింట్ హెలెనా, మారిషస్ అలా కాదు, సముద్రగర్భం నుంచి అగ్నిపర్వతాలుగా లేచాయి, ఏనాడూ ఖండాన్ని తాకలేదు. అక్కడి దేశీ మొక్కల పూర్వీకులన్నీ నీటి మీద తేలో, గాలికి ఎగిరో, పక్షి కడుపులోనో కాళ్లకు అంటుకునో వచ్చినవే. మన దేశంలో ఈ లెక్కకు వచ్చేవి బారెన్, నార్కొండం అగ్నిపర్వత దీవులు, లక్షద్వీప్ పగడపు దీవులు. అండమాన్ ప్రధాన దీవులు అరకాన్ యోమా కొండల వరసకు కొనసాగింపు. వాటిని కూడా ఇందులో కలిపి సినాప్సిస్ రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

మీకు నేను సూచించేది విత్తనాలు తేలే పరీక్ష. డార్విన్ 87 రకాల విత్తనాలను ఉప్పునీటిలో వేసి చూశాడు. 28 రోజుల తర్వాత కూడా వాటిలో 64 రకాలు మొలిచాయి, కొన్ని 137 రోజులకూ తట్టుకున్నాయి. ఇంకో సంగతి కూడా ఆయన గమనించాడు: పండినా ఎండని హేజెల్ కాయలు వెంటనే మునిగిపోతే, ఎండబెట్టినవి 90 రోజులు తేలి, తర్వాత మొలిచాయి. అందుకే మీరు ప్రతి జాతికీ పచ్చి కాయలు (అంటే పండినవే, ఎండబెట్టనివి), నీడన ఎండబెట్టిన కాయలు రెండూ వేయండి. ఈ ఒక్క తేడా వదిలేసి రాసిన రిపోర్టులు చాలా చూశాను. వాటిలోని అంకెలను ఇంకో చోటి అంకెలతో పోల్చడం కుదరదు.

జాతులు ఐదు చాలు: బాలబంది తీగ, గచ్చకాయ, పొన్న, గంగరావి, మొగలి. ఒక్కోటీ తేలే తీరు వేరు. పొన్నకాయను నిలువునా కోసి చూడండి. పైన పలచటి తోలు, లోపల గట్టి పెంకు, ఆ పెంకు లోపలివైపు బెండులాంటి పొర, దాని నడుమ పప్పు. తేల్చేది ఆ బెండే. గచ్చకాయలో రెండు పప్పుబద్దల మధ్య గాలి ఖాళీ ఉంటుంది. మొగలిలో పీచు తేలుస్తుంది. కోసిన కాయ పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో రిపోర్టులో ఉండాలి. రావణాసురుడి మీసాలను ఇందులో కలపకండి, దాని గుండ్రటి కంకి ఊడి గాలికి ఇసుక మీద దొర్లుతుంది, ఆ పరీక్ష వేరే.

విత్తనాలు కనీసం పది మొక్కల నుంచి, మొక్కకూ మొక్కకూ పది మీటర్లు ఎడం ఉండేలా తీసుకోండి. పండిన వాటిలో ఐదోవంతుకు మించి కోయొద్దు. ఒక్కో జాతికి తేలే పరీక్షకు ఉప్పునీటిలో 25 చొప్పున నాలుగు సీసాలు, మంచినీటిలో నాలుగు సీసాలు. మొలక పరీక్షకు వేరే సీసాలు: 7, 28, 60 రోజులకు తీసేవి నాలుగేసి, నీళ్లలో వేయకుండా పొడిగా ఉంచేవి 100. మొత్తం 600 విత్తనాలు. పచ్చివీ ఎండువీ రెండూ పెట్టాలి కాబట్టి తేలే పరీక్షకు మరో 200. గచ్చకాయ, పొన్న, మొగలి అన్ని దొరకవు, వాటికి సీసాకు 10 చొప్పున సరిపెట్టుకోండి. తేలే పరీక్షకూ మొలక పరీక్షకూ ఒకే సీసాను వాడితే, మొలకకు తీసిన ప్రతిసారీ తేలేవాటి శాతం తారుమారవుతుంది.

నీళ్ల విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. వంశధార కలిసే కళింగపట్నం దగ్గర, అదీ వానాకాలంలో తెచ్చిన నీళ్లలో ఉప్పు బాగా తక్కువ. నదీముఖానికి దూరంగా పట్టి, గుడ్డతో వడకట్టండి. అది కుదరకపోతే నౌపడ కళ్లుప్పు 35 గ్రాములు కరిగించి మొత్తం లీటరు చేయండి. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు వద్దు. కళ్లుప్పులో తేమ, మట్టి ఉంటాయి కాబట్టి తూకాన్ని నమ్మి ఊరుకోకుండా హైడ్రోమీటరుతో చూడండి. 25 డిగ్రీల దగ్గర సాంద్రత 1.023 రావాలి. మూత లేని సీసాలో నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది, మునగాల్సినవి తేలుతాయి. వారానికోసారి నీళ్లు మార్చండి, జిగురు పట్టకుండా ఉంటుంది.

తేలినవి లెక్కపెట్టేది 1, 3, 7, 14, 21, 28, 45, 60 రోజుల్లో. లెక్కకు ముందు ప్రతి సీసానూ పదిసార్లు తిప్పి, చెంచాతో విత్తనాలను ముంచి వదలండి. బాలబంది గింజ మీద నూగు ఉంటుంది, దానికి పట్టిన గాలి బుడగలు మునగాల్సిన గింజను కూడా పైనే ఉంచుతాయి. పురుగు తొలిచిన గింజలూ, తాలు గింజలూ అలాగే తేలుతాయి. కాబట్టి చివర్లో తేలిన వాటిని కోసి, పప్పు లేనివి ఎన్నో వేరే గడిలో రాయండి. కదలని నీళ్లలో తేలినంత మాత్రాన అలల్లో తేలుతుందని రాయకూడదు. వీలైతే ఒక వరస సీసాలను రోజూ ఐదు నిమిషాలు గట్టిగా ఊపి, విడిగా లెక్కించండి.

మొలక పరీక్షకు విత్తనాలను మంచినీటితో కడిగి, కడిగిన నది ఇసుకలో గింజ మందమంత లోతున పెట్టండి. బాలబంది, గచ్చకాయ గట్టి పెంకువి. పెంకు చీల్చకపోతే నెలలు గడిచినా మొలవవు, అప్పుడు ఉప్పునీళ్లకు చచ్చాయని తప్పుగా రాసేస్తారు. బాలబందికి గరుకు కాగితం, గచ్చకాయకు హెక్సా బ్లేడు తీసుకుని, బొడ్డుకు ఎదురువైపు తెల్లపప్పు కనబడేవరకు గాటు పెట్టి, రాత్రంతా మంచినీటిలో నానబెట్టండి. పోలిక కోసం పొడిగా ఉంచిన కంట్రోలు గింజలకూ అదే గాటు పెట్టాలి. 45 రోజులకూ మొలవని వాటిని కోసి 1 శాతం టెట్రజోలియంలో 24 గంటలు చీకట్లో ఉంచండి. బతికున్న పిండం ఎర్రబడుతుంది.

తర్వాత దూరం లెక్క. రోజుకు 20 కిలోమీటర్ల ప్రవాహం అనుకుంటే 60 రోజులకు 1,200 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి అండమాన్‌కు నేరుగా ఉన్న దూరం దాదాపు అంతే. అంతమాత్రాన "మన గచ్చకాయ అండమాన్ చేరుతుంది" అని రాయకండి. మన ఒడ్డు వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుంది. నవంబరులో రాలిన కాయ చెన్నై వైపు పోతుంది. మీ జాతుల కాయలు ఏ నెలల్లో రాలుతున్నాయో రాసిపెట్టుకుని, ప్రవాహం దిక్కుతో కలిపి చూడండి. నా లెక్కలో ఈ ప్రాజెక్టులో కొత్తదనం వచ్చేది అక్కడే.

ఈ పరీక్ష ఎంతవరకు చెబుతుందో కూడా నిజాయితీగా రాయాలి. సముద్రం మీద తేలివచ్చే మొక్కలు ఉష్ణమండలమంతా ఒడ్డున దాదాపు ఒక్కలాగే ఉంటాయి, మళ్లీ మళ్లీ వచ్చి పడుతుంటాయి కాబట్టి కొత్త జాతులుగా విడిపోయేది తక్కువ. దీవికే సొంతమైన జాతులు ఎక్కువగా లోపలి కొండల్లో ఉంటాయి, వాటి పూర్వీకులు పక్షుల వెంటో గాలికో వచ్చాయి. అలా వచ్చిన తర్వాత చాలా జాతులు ప్రయాణించే శక్తిని పోగొట్టుకున్నాయి. ఖండాల మీది బైడెన్స్ మొక్కల గింజకు బట్టకు అంటుకునే ముళ్లుంటాయి, హవాయిలోని కొన్ని బైడెన్స్‌కు అవి లేవు. హవాయి దేశీ పూల మొక్కల్లో దాదాపు 90 శాతం మరెక్కడా లేనివి. గబ్బిలం తప్ప నేల మీది క్షీరదం ఏదీ లేని చోట పెరిగాయి కాబట్టి మేకకూ పందికీ ఎదురు నిలిచే రక్షణ చాలావాటికి లేదు.

పరిరక్షణ అధ్యాయం రాసేటప్పుడు పనుల వరస మీద దృష్టి పెట్టండి. మేత జంతువు ఉండగా మొక్కలు నాటితే అది మేత పెట్టడమే. సెయింట్ హెలెనాకు 1513లో మేకలు వచ్చాయి. అక్కడి ఎబొనీ అనే పొద అంతరించిందనే అనుకున్నారు, 1980లో మేకలెక్కలేని కొండ అంచున రెండే పొదలు దొరికాయి, వాటి కొమ్మల నుంచే మళ్లీ మొక్కలు పెంచారు. అదే దీవిలోని ఆలివ్ చెట్టుకు ఆ అదృష్టం లేదు. అడవిలోని చివరి చెట్టు 1994లో, పెంచుతున్న చివరి మొక్క 2003లో పోయాయి. తన పుప్పొడి తనకు పనికిరాని చెట్టు అది. ఒక్కటే మిగిలాక విత్తనం కట్టదు, మిగిలిన మొక్కలకు బూజు తగులుకుంది. ఎన్ని మిగిలాయన్న లెక్కతో పాటు, వాటిలో ఒకదానితో ఒకటి ఫలదీకరణ చెందగలిగేవి ఎన్ని అన్నదీ అడగాలి.

మారిషస్ పక్కనున్న రౌండ్ ఐలాండ్‌లో 1979లో మేకలను, 1986లో కుందేళ్లను పూర్తిగా తీసేశాక లటానియా తాటిమొక్కలు మళ్లీ లేచాయి. గాలపాగోస్‌లోని శాంటియాగోలో మేకలు పోయాక మాత్రం ఇంకో తలనొప్పి మొదలైంది. అంతవరకు మేకలు మేస్తూ వచ్చిన రూబస్ నీవియస్ ముళ్లపొద గుబురుగా అల్లుకుంది. అది మన ఆసియా మొక్కే. జంతువును తీయడానికి ముందే కలుపు సర్వే, దాన్ని తీసే మనుషులు, డబ్బు సిద్ధంగా ఉండాలి. మనం ఆప్యాయంగా పెంచే నేరేడు హవాయిలో, జామ గాలపాగోస్‌లో కలుపు చెట్లే. ఇక్కడి మొక్క అక్కడ కలుపు కావచ్చు కాబట్టి, ఉప్పునీళ్లను ఏ గింజ ఎన్నాళ్లు తట్టుకుంటుందో చెప్పే మీ మొలక అంకెలు దీవులవాళ్లకూ పనికొస్తాయి.

సమయం మిగిలితే, సరుగుడు తోట కింద ఒడ్డు మొక్కలు ఎలా ఉన్నాయో చూసే ఒక చిన్న పోలిక చేయండి. బారువ దగ్గర గానీ విజయనగరం వైపు చింతపల్లి దగ్గర గానీ, పోటు నీళ్లు చేరే గీత నుంచి లోపలికి 100 మీటర్ల తాడు పరిచి, ఐదు మీటర్లకొకటి చొప్పున ఒక చదరపు మీటరు చట్రం పెట్టండి. 50 మీటర్ల ఎడంతో మూడు తాళ్లు తోటలో, మూడు ఖాళీ తిన్నె మీద. చట్రంలోని జాతులు, అవి కప్పిన శాతం, రాలిన సూదుల మందం సెంటీమీటర్లలో రాయాలి. తోట నరికేయాలని మాత్రం తేల్చేయొద్దు. 2018 తిత్లీ తుఫాను దెబ్బ చూసిన ఉద్దానంలో గాలికి అడ్డుగోడ విలువేమిటో రైతును అడిగితే చెబుతాడు. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, రాత్రిపూట ఒడ్డున లైట్లతో తిరగొద్దు, ఇసుక తవ్వొద్దు.

ప్రతి జాతికీ హెర్బేరియం నమూనా (నొక్కి ఎండబెట్టి దాచిన మొక్క) తప్పనిసరి, లేకపోతే అంకెలకు విలువ లేదు. ఒడ్డు మొక్కల ఆకుల్లో నీరెక్కువ, అలాగే ప్రెస్సులో పెడితే కీళ్ల దగ్గర ఊడిపోతాయి. వేడినీటిలో కొన్ని సెకన్లు ముంచి, తుడిచి, మొదటి వారం రోజూ కాగితాలు మార్చండి. మొగలి ఆకును మొదలు, నడుమ, కొస ముక్కలుగా కోసి, కాయ విడిగా ఎండబెట్టి, అన్నిటికీ ఒకే నంబరు ఇవ్వండి. పురుగుకు మెర్క్యురిక్ క్లోరైడ్ పూయడం పాత పద్ధతి, విషం. కవర్లో మూసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచితే చాలు. లేబుల్ మీద జీపీఎస్, పోటు గీత నుంచి దూరం, పువ్వు రంగు, తేదీ, మీ సేకరణ నంబరు ఉండాలి. ఎండితే పువ్వు రంగు పోతుంది, అందుకే అక్కడికక్కడే రాయాలి.

తర్వాత పీహెచ్‌డీకి నార్కొండం గానీ లక్షద్వీప్ గానీ అనుకుంటే అనుమతులకు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. నార్కొండం వన్యప్రాణి అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. లక్షద్వీప్‌కు బయటివాళ్లకు ప్రవేశ పర్మిట్ కావాలి. ఏ నమూనానైనా విదేశీ ప్రయోగశాలకు పంపేముందు 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతి చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్‌లోని (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రానికి రాసేటప్పుడు ఈ ప్రాజెక్టు అంకెలు, నమూనా నంబర్లు ఒక పేజీలో జత చేయండి. నమూనాల్లో ఒక సెట్టు మీ కాలేజీలో, రెండోది ఆంధ్ర విశ్వవిద్యాలయం హెర్బేరియంలో లేదా సర్వే వారి హైదరాబాద్ కేంద్రంలో ఇచ్చి, వాళ్లిచ్చే ప్రవేశ సంఖ్యలను రిపోర్టులో రాయండి.